రైలు పట్టాలు వేసే పనిలో మనుషుల చోటికి యంత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త రైలు మార్గం పని ఎక్కడ జరుగుతున్నా, చూసేవాళ్లకు దాదాపు ఒకే రకం సందేహాలు వస్తాయి. వందలమంది చేసే పని ఇప్పుడు కొద్దిమందితో ఎలా అవుతోంది? యంత్రం వేసిన లైను గట్టిగా ఉంటుందా? ఇన్నాళ్లూ ఆ పని చేసినవాళ్లు ఏమయ్యారు? మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఈ ప్రశ్నలను పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు మార్పు ఎలా మొదలైంది

యంత్రాలు లేని రోజుల్లో ఒక లైను వేయాలంటే ఎంతమంది కావలసి వచ్చేది?

పెద్ద లైనైతే వేలమంది. 1860లలో అమెరికాలో సెంట్రల్ పసిఫిక్ కంపెనీ సియెర్రా నెవాడా కొండల మీదుగా లైను తీసుకెళ్లినప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చిన కూలీలే చేశారు. రాతిలో ఉలి పెట్టి సుత్తితో కొట్టి కన్నం చేయడం, అందులో మందుగుండు కూరి పేల్చడం, విరిగిన రాళ్లను చేతులతో ఎత్తి బండ్లలో పోయడం, ఇదీ వాళ్ల దినచర్య. మంచు తుఫానుల్లో, పేలుళ్లలో ఎందరో చనిపోయారు. వాళ్ల పేర్లు చాలావరకు ఎవరూ రాసి పెట్టలేదు. పట్టాల చరిత్ర అంటే ఇంజినీర్లు, కంపెనీలు మాత్రమే గుర్తుకు రావడం అన్యాయం.

కొండలు దాటి చదును నేల మీదికి వచ్చాక కూడా పని మనుషులదే. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలను, అంటే స్లీపర్లను మోసేవాళ్లు ఒక జట్టు, పట్టాలు ఎత్తి పెట్టేవాళ్లు ఇంకో జట్టు, మేకులు దిగ్గొట్టేవాళ్లు వేరు, కంకర కూరేవాళ్లు వేరు. జట్టు జట్టుకీ మధ్య తాళం తప్పితే లైనంతా ఆగిపోయేది.

1869లో ఒక్క రోజులో 16 కిలోమీటర్లు వేశారట కదా, మరి ఇప్పటి యంత్రం రోజుకు ఒకటి రెండు కిలోమీటర్లే ఎందుకు వేస్తుంది?

ఆ మాట నిజమే. 1869 ఏప్రిల్ 28న, యూటాలో సెంట్రల్ పసిఫిక్ జట్టు 12 గంటల్లో 10 మైళ్లకు కాస్త ఎక్కువే వేసింది. 3,500కు పైగా పట్టాలను ఎనిమిదిమంది మాత్రమే ఎత్తి పెట్టారు. వాళ్ల వెనక దాదాపు 4,000 మంది పనిచేశారు.

కానీ ఆ రోజు వేసిన లైనూ ఇప్పటి లైనూ ఒకటి కాదు. అప్పటి ఇనుప పట్టా మీటరుకు సుమారు 28 కిలోలు. ఇప్పుడు ప్రధాన మార్గాల్లో వాడే పట్టా మీటరుకు 60 కిలోలు. అంటే ఒక కిలోమీటరు లైనుకు రెండు పట్టాలే 120 టన్నులు. 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కిలోమీటరుకు 1,660కి పైగా కాంక్రీటు స్లీపర్లు పడతాయి. ఒక్కొక్కటి 250 నుంచి 300 కిలోలు అనుకుంటే, కంకర పోయకముందే కిలోమీటరుకు 500 టన్నులు దాటిపోతుంది.

ఇంకో సంగతి. అది ఒక్క రోజు పందెం. నేల ముందే సిద్ధం చేసి, సామాను రైళ్లలో వరసగా పేర్చి, ఊపిరి బిగబట్టి చేసిన పని. ఆ 4,000 మంది మర్నాడు అదే వేగంతో చేయలేరు, చేయమని అడగడం కూడా తగదు. యంత్రం మాత్రం కొన్ని పదులమందితో ఈ రోజు ఎంత వేసిందో రేపూ అంతే వేస్తుంది.

యంత్రాలు తెచ్చింది కూలి ఖర్చు తగ్గించుకోవడానికేనా?

అది ఒక కారణం. కానీ అదొక్కటే అయితే ఈ మార్పు ఇంత లోతుకు వెళ్లేది కాదు. కూలి చవకగా ఉన్నంతకాలం చాలా చోట్ల యంత్రాలను ఎవరూ పట్టించుకోలేదు కూడా. మూడు ఒత్తిళ్లు కలిసి వచ్చాయి.

రైళ్ల బరువు, వేగం పెరిగాయి, దాంతో పట్టాలూ స్లీపర్లూ బరువెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపాలో పాడైన లైన్లు చాలా, వాటిని బాగుచేసే మనుషులు తక్కువ. ట్రాక్ యంత్రాలకు పేరుపడ్డ స్విట్జర్లాండ్ కంపెనీ మాటిసా 1945లో, ఆస్ట్రియా కంపెనీ ప్లాసర్ అండ్ థోయరర్ 1953లో పుట్టడం వెనక ఉన్న కాలం అదే. మూడోది సమయం. నడుస్తున్న లైను మీద పనిచేయాలంటే రైళ్లు ఆపాలి. రైళ్లు పెరిగేకొద్దీ పనికి దొరికే ఖాళీ తగ్గిపోయింది. మూడు నాలుగు గంటల ఖాళీలో పని ముగించి రైలుకు దారి వదలాలంటే చేతులతో కుదరదు.

ఏ పని అన్నిటికంటే ముందు యంత్రాల చేతికి వెళ్లింది?

మట్టి తవ్వకం. అమెరికాలో విలియం ఓటిస్ తయారు చేసిన ఆవిరి పారకు 1839లో పేటెంట్ వచ్చింది, దాన్ని మొదట్లో వాడింది రైలు మార్గాల పనుల్లోనే. ఆ తర్వాత సొరంగాల్లో రాతికి కన్నాలు వేసే పని. పట్టాలు పరచడం, కంకర కూరడం మాత్రం చాలాకాలం చేతి పనిగానే ఉండిపోయాయి. వాటికి బలం ఒక్కటే చాలదు, మిల్లీమీటర్లలో కొలత కుదరాలి. ఆ కొలత యంత్రానికి అబ్బడానికి ఇరవయ్యో శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది.

## నేల, కొండ, వంతెన

మట్టికట్ట పనిలో అసలు ఏం మారింది? ఇప్పుడూ మట్టి పోయడమే కదా?

మట్టి పోయడం అదే, గట్టిపడే తీరు మారింది. పూర్వం గంపలతో, బండ్లతో మట్టి తెచ్చి కట్ట పోసేవాళ్లు. అది దానంతట అది అణగడానికి ఒకటి రెండు వానాకాలాలు వదిలేసేవాళ్లు కూడా. తొందరపడి పట్టాలు వేస్తే కట్ట కుంగేది.

ఇప్పుడు ఎక్స్‌కవేటర్ తవ్వుతుంది, టిప్పర్ మోస్తుంది, గ్రేడర్ పలచని పొరగా సర్దుతుంది, అదిరే రోలర్ ఒక్కో పొరనూ తొక్కుతుంది. పొర పొరకీ తేమ, సాంద్రత పరీక్షించి, సరిపోతేనే పై పొర పోస్తారు. రోలరు రెండు రౌండ్లు తక్కువ తిరిగితే పైకి ఏమీ తెలియదు, పట్టాలు పడి రైళ్లు నడిచాక బయటపడుతుంది. యంత్రాలతో వేసే లైన్లలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఈ దశలోనే అని మా అభిప్రాయం. పైన ఎంత మంచి యంత్రంతో పట్టాలు పరిచినా, కింద కట్ట కుంగితే అదంతా మళ్లీ చేయాల్సిందే.

సొరంగాల పని ఎప్పుడు మారింది?

ఫ్రాన్స్, ఇటలీ మధ్య ఆల్ప్స్ కింద తవ్విన ఫ్రేజుస్ సొరంగం దగ్గర మలుపు వచ్చింది. 1857లో చేతి పనితో మొదలైంది. ఆ లెక్కన పాతికేళ్లు పడుతుందని అనుకున్నారు. ఇంజినీరు జెర్మెన్ సొమెయ్యే గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులను 1861లో లోపలికి తెచ్చాడు. డ్రిల్లును నడిపిన గాలే బయటికి వస్తూ లోపలివాళ్లకు ఊపిరి కూడా అందించింది. దాదాపు 13 కిలోమీటర్ల ఆ సొరంగం 1871లో తెరుచుకుంది. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ తీసుకున్నాక రాతి పని ఇంకా వేగం పుంజుకుంది.

ఇప్పుడు పొడవైన సొరంగాల్లో గుండ్రటి తల తిప్పుతూ రాతిని కొరుక్కుంటూ పోయే టన్నెల్ బోరింగ్ యంత్రాలు వచ్చాయి. స్విట్జర్లాండ్‌లో 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ బేస్ సొరంగంలో చాలా భాగం వాటితోనే తవ్వారు. అలాగని పేలుడు పద్ధతి పోలేదు. పొడవు తక్కువైనా, రాయి చీలికలతో ఉన్నా, డ్రిల్లు చేసి పేల్చడమే ఇప్పటికీ మేలు.

వంతెనల మీద గడ్డర్లు ఎలా ఎత్తుతారు?

హైస్పీడ్ మార్గాల వంతెనలకు 32 మీటర్ల పొడవున్న కాంక్రీటు గడ్డర్లు వాడటం చైనాలో మామూలు. ఒక్కోటి 900 టన్నుల దాకా ఉంటుంది. దాన్ని యార్డులో పోసి, ఎన్నో చక్రాల వాహనం మీద అప్పటికే కట్టిన వంతెన పైనుంచే తీసుకొచ్చి, లాంచింగ్ యంత్రంతో తర్వాతి స్తంభాల మీద దించుతారు. అంత బరువును మనుషులతో ఎత్తించే మార్గమే లేదు.

## పట్టాలు పరిచే దశ

ట్రాక్ వేసే యంత్రం అసలు ఎలా పనిచేస్తుంది?

దూరం నుంచి చూస్తే ఒక పొడవాటి రైలు తన దారిని తానే వేసుకుంటూ ముందుకు పోతున్నట్టుంటుంది. నిజంగా జరిగేదీ అదే.

ముందుగా చదును చేసిన కట్ట మీద కంకర ఒక పొర పరిచి రోలరుతో తొక్కుతారు. తర్వాత పొడవాటి పట్టాలను, కొన్ని లైన్లలో 260 మీటర్ల ముక్కలను, తెచ్చి దారికి రెండు పక్కలా నేల మీద వరసగా పడుకోబెడతారు. అప్పుడు యంత్రం వస్తుంది. దాని ముందు భాగం ట్రాక్టరు గొలుసుల్లాంటి వాటి మీద నేలపై నడుస్తుంది, వెనక భాగం ఇప్పుడిప్పుడే వేసిన పట్టాల మీద చక్రాలతో నడుస్తుంది. వెనక తగిలించిన వ్యాగన్ల మీద స్లీపర్లు దొంతరలుగా ఉంటాయి. ఆ వ్యాగన్ల అంచుల మీద ఉన్న సన్నటి పట్టాలపై ఒక క్రేన్ అటూ ఇటూ పరుగెత్తుతూ ఒక్కో దొంతరను ముందుకు చేరవేస్తుంది. అక్కడినుంచి కన్వేయరు స్లీపర్లను ఒక్కొక్కటిగా కిందికి దించి, ఒకే ఎడంతో కంకర మీద పెడుతుంది.

ఇక పక్కన పడుకున్న పట్టాలు. యంత్రానికి ఉన్న రోలర్లు వాటిని రెండు పక్కలనుంచి పైకి ఎత్తి, మెల్లగా లోపలికి వంచి, స్లీపర్ల మీద వాటి గాడిలోకి దించుతాయి. 60 కిలోల పట్టా అంత సులువుగా వంగుతుందా అని చాలామంది ఆశ్చర్యపోతారు. చిన్న ముక్కను వంచలేం కానీ, వందల మీటర్ల పొడవులో పట్టా బాగానే వంగుతుంది. కిందికి దిగగానే పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పులు బిగిస్తారు, యంత్రం ఆ పట్టాల మీదికే చక్రాలు మోపి ముందుకు జరుగుతుంది.

భారతదేశంలో సరుకు రవాణా కోసమే కట్టిన డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్లలో ఇలాంటి యంత్రాలతో రోజుకు 1.5 కిలోమీటర్ల దాకా వేశారు. ఆ వేగం నిలబడాలంటే యంత్రం కంటే సరఫరా ముఖ్యం. స్లీపర్ల వ్యాగన్లు వేళకు రాకపోతే కోట్ల విలువైన యంత్రం ఊరికే నిలబడుతుంది.

మొట్టమొదటి ట్రాక్ యంత్రాలు కూడా ఇలాగే ఉండేవా?

లేదు. అవి మోసేవి, అంతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కెనడాలో గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ మార్గానికి వాడిన ‘పయొనీర్’ అనే యంత్రం అందుకు మంచి ఉదాహరణ. వెనక వ్యాగన్ల నుంచి స్లీపర్లు, పట్టాలు ముందుకు జరిగి వచ్చేవి. వాటిని అందుకుని సర్దేది, మేకులు కొట్టేది మనుషులే. మోత తగ్గింది, మనుషులు తగ్గలేదు. యంత్రం నడక వేగాన్ని వాళ్లు అందుకోవాల్సి వచ్చింది కాబట్టి ఒక రకంగా పని ఇంకా బరువైంది.

పట్టాలు, స్లీపర్లు ముందే బిగించి నిచ్చెనలా తెచ్చి పెట్టేయొచ్చు కదా?

పెడతారు. ఆ ముక్కను ప్యానెల్ అంటారు. యార్డులో నీడలో నిలబడి బిగించి, క్రేనుతో తెచ్చి వరసగా పేరుస్తారు. సోవియట్ యూనియన్‌లో 25 మీటర్ల ప్యానెళ్లను ప్లాటోవ్ క్రేన్లతో పరిచే పద్ధతి బాగా స్థిరపడింది. పాత లైను ముక్కలను తీసి కొత్తవి పెట్టడానికి ఇది అనువైన పద్ధతి. ఇబ్బంది ఒక్కటే, ముక్క ముక్కకీ మధ్య అతుకు వస్తుంది. తర్వాత ఆ అతుకులను వెల్డింగ్ చేయాలి, లేదా తాత్కాలిక పట్టాలు తీసి పొడవాటివి వేయాలి. అందుకే కొత్త ప్రధాన మార్గాలకు స్లీపర్లు విడిగా, పట్టాలు విడిగా వేసే యంత్రాలనే ఎక్కువ ఇష్టపడతారు.

పాయింట్లు, క్రాసింగుల దగ్గర కూడా అదే యంత్రం వేస్తుందా?

వేయలేదు. లైను రెండుగా చీలే చోట ఒక్కో స్లీపరు ఒక్కో పొడవు. దాన్ని ఫ్యాక్టరీలోనే మొత్తంగా కూర్చి, భాగాలుగా విడదీసి, ప్రత్యేక వ్యాగన్లలో ఏటవాలుగా నిలబెట్టి తెచ్చి క్రేన్లతో దించుతారు. చివరి సర్దుబాటు మాత్రం అనుభవం ఉన్న చేతులదే.

పాతకాలంలోలా చేతులతో ఇప్పటి లైను వేయడం సాధ్యమేనా?

చిన్న ముక్క వేయొచ్చు, మార్గం మొత్తం వేయలేరు. కర్ర స్లీపరు 70 నుంచి 100 కిలోలు, ఇద్దరు ముగ్గురు మోసేవాళ్లు. కాంక్రీటు స్లీపరు దానికి మూడు రెట్లు. 13 మీటర్ల పట్టా ఒకటి 780 కిలోలు, 260 మీటర్లదైతే 15 టన్నులు దాటుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చేతులు చేసే పనిని యంత్రం అలాగే అందుకుందని చాలామంది అనుకుంటారు. అసలు జరిగింది వేరు. యంత్రం ఎత్తగలదు కాబట్టి లైనును బరువుగా, అతుకులు లేకుండా తయారు చేశారు. ఆ లైను ఇక చేతులకు లొంగదు. అందుకే పాత పద్ధతికి వెనక్కి వెళ్లడం అనేది కూలి రేటుతో తేలే విషయం కాదు. వెళ్లాలంటే పట్టాలు, స్లీపర్లు, రైళ్ల వేగం అన్నీ వెనక్కి వెళ్లాలి.

## పట్టాలు అతికించే దశ

రైలు దడదడ చప్పుడు ఎందుకు తగ్గిపోయింది?

అతుకులు పోయాయి కాబట్టి. ఇదివరకు పట్టాకీ పట్టాకీ మధ్య చిన్న సందు వదిలి, రెండు పక్కలా ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగించేవాళ్లు. ప్రతి సందు దగ్గరా చక్రం దెబ్బ కొట్టేది, అక్కడ పట్టా చివర అరిగేది, కింద కంకర కుంగేది. లైను మీద జరిగే మరమ్మతులో పెద్ద భాగం ఆ అతుకుల దగ్గరే. ఇప్పుడు ఫ్యాక్టరీలో ఫ్లాష్ బట్ వెల్డింగ్ యంత్రం రెండు చివరలను కరెంటుతో ఎర్రగా కాల్చి, ఒకదానిలోకి ఒకటి నొక్కి కలిపేస్తుంది. ట్రక్కు మీద అమర్చిన అలాంటి యంత్రమే లైను దగ్గరికి వచ్చి మిగతా అతుకులు కలుపుతుంది.

థర్మిట్ వెల్డింగ్ ఇప్పటికీ మనుషులే చేస్తారు, ఎందుకు?

పెద్ద యంత్రం రాలేని చోటికి ఒక చిన్న జట్టు సామాను మోసుకుని వెళ్లగలదు కాబట్టి. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1899లో ఎస్సెన్ నగరంలో ట్రాము పట్టాలను ఈ పద్ధతిలో అతికించారు. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడ్ కలిపి ముట్టిస్తే 2,000 డిగ్రీలు దాటిన వేడి పుట్టి కరిగిన ఇనుము వస్తుంది. దాన్ని రెండు పట్టాల మధ్య సందుకు బిగించిన మూసలో పోస్తారు.

కరెంటు అక్కర్లేదు, పెద్ద బండి అక్కర్లేదు. కానీ సందు సరిగ్గా ఉందా, మూస తడి లేకుండా ఉందా, పోసేముందు పట్టా చివరలకు ఇచ్చిన వేడి సరిపోయిందా అన్నది వెల్డరు కన్నుకే తెలియాలి. మూసలో తేమ మిగిలితే లోపల బుడగలు ఏర్పడతాయి, కొన్ని నెలలకో ఏళ్లకో అక్కడే పట్టా విరుగుతుంది. పదేళ్ల అనుభవం ఉన్న వెల్డరు విలువ ఏ యంత్రానికీ తీసిపోదు.

సందులే లేకపోతే ఎండకు పట్టాలు సాగి వంకర పోవా?

పోగలవు, అందుకే ఆ భయాన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు. స్వేచ్ఛగా వదిలేస్తే ఒక కిలోమీటరు పట్టా 40 డిగ్రీల వేడికి అరమీటరుకు కాస్త తక్కువ సాగుతుంది. క్లిప్పులు, స్లీపర్లు, కంకర కలిసి దాన్ని సాగనివ్వవు. సాగలేని పట్టాలో ఒత్తిడి పేరుకుంటుంది. 60 కిలోల పట్టాలో ఒక్కో డిగ్రీకి దాదాపు 1.8 టన్నుల బలం.

అందుకని ఆ ప్రాంతంలో చలికీ ఎండకీ మధ్యస్థంగా ఉండే ఒక ఉష్ణోగ్రత ఎంచుకుని, ఆ స్థితిలో పట్టాను ఒత్తిడి లేకుండా బిగిస్తారు. ఆ వేళకు వాతావరణం చల్లగా ఉంటే హైడ్రాలిక్ టెన్సర్‌తో పట్టాను కావలసినంత లాగి బిగిస్తారు. స్లీపర్ల చివర్ల బయట పోసిన కంకర తగ్గితే, లేదా మండుటెండలో స్లీపర్ల పక్కన కంకర తవ్వితే లైను పక్కకు వంకర పోతుంది. ట్రాక్ పనుల్లో నిజంగా టెన్షన్ పెట్టే విషయం ఇదే.

## కంకర కూరడం, సరిచేయడం

ట్యాంపింగ్ అంటే ఏమిటి? ఆ యంత్రం ఏం చేస్తుంది?

స్లీపరు కింద కంకరను గట్టిగా కూరి, పట్టాలు సరైన ఎత్తులో, సరైన వరసలో నిలబడేలా చేయడమే ట్యాంపింగ్. చేతి పనిలో దీనికి కంకరను కొట్టి కూరే బీటర్లు అనే పనిముట్లు వాడేవాళ్లు. స్లీపరుకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడి, ఒకే లయలో కంకరను లోపలికి కొట్టాలి. ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా పడితే స్లీపరు ఊగుతుంది. పట్టాలను పక్కకు జరిపి వరస సరిచేసేటప్పుడు గడ్డపారలు పట్టుకుని అందరూ ఒక్కసారిగా తోయాలి. ఆ ఊపు కలవడానికే పాటలు పుట్టాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి ట్రాక్ కార్మికుల పాటలకు ఇప్పటికీ పేరుంది. ఆ పాట పనికి గడియారం, కొలబద్ద రెండూ.

ట్యాంపింగ్ యంత్రం ముందు పట్టాలను రోలర్లతో పట్టుకుని కావలసిన ఎత్తుకు లేపుతుంది, అవసరమైతే పక్కకు జరుపుతుంది. తర్వాత ఉక్కు వేళ్లు స్లీపరుకు రెండు పక్కలా కంకరలోకి దిగుతాయి. సెకనుకు 35 సార్లు అదురుతూ దగ్గరికి మూసుకుంటాయి. ఆ అదురుకు రాళ్లు జారి స్లీపరు కింద ఖాళీలోకి చేరి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఇదంతా ఒకటి రెండు సెకన్ల పని.

మొదట్లో ప్రతి స్లీపరు దగ్గరా యంత్రం మొత్తం ఆగి, మళ్లీ కదిలేది. 1983లో వచ్చిన కొత్త రకంలో బండి ఆగకుండా నడుస్తుంది, వేళ్లున్న భాగం ఒక్కటే ఆగి, దూకి, ఆగుతుంది. బరువైన బండిని మాటిమాటికీ ఆపనక్కర్లేదు, లోపలి ఆపరేటరుకు కుదుపులు తప్పాయి. ఇప్పుడు ఒకేసారి నాలుగు స్లీపర్ల కింద కూరే యంత్రాలు కూడా ఉన్నాయి.

చేతితో కంకర కూరడం కంటే యంత్రం నిజంగా మెరుగా?

ఒక్క స్లీపరును మంచి పనివాడికి ఇస్తే యంత్రానికి దీటుగా చేస్తాడు. తేడా వెయ్యో స్లీపరు దగ్గర తెలుస్తుంది. సాయంత్రానికి చేతులు అలిసిపోతాయి, దెబ్బ మారుతుంది. యంత్రం మొదటి స్లీపరునూ వెయ్యోదానినీ ఒకే బలంతో కూరుతుంది. లైను నునుపుగా ఉండటానికి కావలసింది అదే.

యంత్రానికీ ఒక లోపం ఉంది. వేళ్లు దిగిన ప్రతిసారీ కొన్ని రాళ్లు పగులుతాయి, అంచులు అరుగుతాయి. అవసరం లేకున్నా ట్యాంపింగ్ చేస్తూ పోతే కంకర పిండై పట్టు కోల్పోతుంది. బ్రిటన్‌లో దీనికి ఒక చక్కటి ఉపాయం దొరికింది, అదీ పాత చేతి పనిలోనే. స్లీపరును జాకీతో లేపి, కొలిచిన చిన్న రాళ్లను చదునైన పారతో దాని కింద చల్లే పద్ధతి అక్కడ ఉండేది. కింద ఉన్న కంకరను కదపనక్కర్లేదు. అదే పనిని గాలి ఊది చేసే యంత్రాన్ని తయారు చేశారు, దాని పేరు స్టోన్‌బ్లోయర్. చేతి పనిని చిన్నచూపు చూడకుండా గమనిస్తే యంత్రం కూడా మెరుగవుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు కనిపించలేదు.

వంపుల్లో ఎంత వంచాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది?

పాత పద్ధతిలో 20 మీటర్ల తాడును పట్టా అంచుకు లాగి పట్టి, మధ్యలో తాడుకీ పట్టాకీ ఎంత ఎడముందో స్కేలుతో కొలిచేవాళ్లు. 1,000 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో అది సరిగ్గా 50 మిల్లీమీటర్లు రావాలి. చాలా యంత్రాల్లో ఇప్పటికీ అదే సూత్రం. తాడు బదులు బండి పొడవునా బిగించిన సన్నటి తీగ, స్కేలు బదులు సెన్సర్, తిన్నటి దారిలో దూరపు గురికి లేజర్. డిజైను కొలతలు కంప్యూటరులో వేస్తే ఎక్కడ ఎంత జరపాలో అదే లెక్కగట్టుకుంటుంది. వేసిన డిజైను తప్పైతే, ఆ తప్పును కూడా అంతే కచ్చితంగా లైను మీద దించుతుంది.

పని అయిన వెంటనే రైళ్లు పూర్తి వేగంతో నడపొచ్చా?

కంకర కదిపిన లైను మీద వెంటనే వేగం మంచిది కాదు. రైళ్లు నడిచేకొద్దీ రాళ్లు సర్దుకుంటాయి, అప్పటిదాకా వేగం తగ్గించి నడుపుతారు. ఆ సర్దుబాటును ముందే తెచ్చే యంత్రం డైనమిక్ ట్రాక్ స్టెబిలైజర్. పట్టాలను పట్టుకుని కిందికి నొక్కుతూ అడ్డంగా అదిరిస్తుంది. ఒక్కసారి నడిస్తే లక్ష టన్నుల రైళ్లు పోయినంత సర్దుబాటు వస్తుందని లెక్క.

పాత కంకర మురికి పడితే అంతా తీసి పారేయాలా?

అక్కర్లేదు. కంకర శుభ్రం చేసే యంత్రం స్లీపర్ల కింద గొలుసు కట్టర్ తిప్పుతూ కంకరను పైకి లాగి, జల్లెళ్ల మీద ఆడించి, దుమ్మూ మట్టీ పక్కన పోసి, మంచి రాళ్లను తిరిగి లైనులో పోస్తుంది. పైనున్న పట్టాలు తీయనక్కర్లేదు. ఇదే పని ముళ్ల పారలతో, తట్టలతో చేసినవాళ్ల నడుములు, ఊపిరితిత్తులు ఏమయ్యేవో తలచుకుంటే, ఈ ఒక్క యంత్రం ఇంకా ముందే రావాల్సిందనిపిస్తుంది.

కంకరే లేని లైన్లు కూడా ఉన్నాయట?

ఉన్నాయి, కాంక్రీటు పలకల మీద పట్టాలు బిగిస్తారు. జర్మనీలోని రెడా స్టేషన్‌లో 1972లో వేసిన పద్ధతికి ఆ ఊరి పేరే స్థిరపడింది. వేయడం ఖరీదు, వేసేటప్పుడు కొలత తప్పితే తర్వాత దిద్దడం చాలా కష్టం. కానీ తరచూ ట్యాంపింగ్ చేసే పని తప్పుతుంది. సొరంగాల్లో, హైస్పీడ్ లైన్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

## మనుషుల సంగతి

అయితే ఇంక చేతి పని ఏమీ మిగలలేదా?

చాలానే మిగిలింది. స్లీపరు మీద రబ్బరు ప్యాడ్లు సర్దడం, కొన్ని చోట్ల క్లిప్పులు సుత్తితో బిగించడం, థర్మిట్ వెల్డింగ్, గేట్లు ఉన్న చోట, వంతెనల చివర్లలో, పాయింట్ల సందుల్లో యంత్రపు వేళ్లు దూరని చోట కంకర కూరడం, ఇవన్నీ మనుషులవే. వానాకాలంలో రాత్రిపూట లైను వెంట నడిచి కట్ట కోసుకుపోయిందా అని చూసేదీ మనిషే. పని తగ్గింది, కానీ మిగిలినది మూలమూలలకు చెదిరిపోయింది. చిన్న జట్లు, దూరాలు ఎక్కువ. పైకి కనిపించదు కాబట్టి దీనికి దక్కాల్సిన గుర్తింపు దక్కడం లేదు.

పని పోయినవాళ్ల పరిస్థితి ఏమిటి?

కొత్త పనులు పుట్టాయి: ఆపరేటర్లు, హైడ్రాలిక్ మెకానిక్కులు, సర్వేయర్లు, వెల్డర్లు. కానీ పోయినన్ని రాలేదు, వచ్చినవి పాతవాళ్లకే దొరకలేదు. బీటరు పట్టి జీవితం గడిపిన మనిషి చేతికి యంత్రపు కంట్రోలు దానంతట అదే రాదు, నేర్పాలి. లైను కుంగిందో లేదో చూపుతోనే చెప్పగల ఆ మనిషి అనుభవం యంత్రం నడిపేవాడికి ఎంతో అక్కరకొస్తుంది. అందుకే యంత్రం కొనేటప్పుడే ఆ శిక్షణ ఖర్చు కూడా కలిపి లెక్కవేయడం న్యాయం, లాభం కూడా.

యంత్రాలు వచ్చాక ప్రమాదాలు తగ్గాయా?

బరువు మోతతో వచ్చే నడుము నొప్పులు, కాళ్ల మీద పట్టా పడటం, పేలుళ్ల మరణాలు బాగా తగ్గాయి. కొత్తవి వచ్చాయి: యంత్రానికీ పక్క లైనుకూ మధ్య ఇరుక్కోవడం, చెవులు దెబ్బతినేంత శబ్దం, రాతి దుమ్ము. అన్నిటికంటే పెద్ద ముప్పు పక్క లైను మీద వచ్చే రైలు. యంత్రం హోరులో హారన్ వినపడదు. అందుకే కాపలాకు ఒక మనిషిని నిలబెట్టడం, హెచ్చరిక సైరన్లు, వీలైన చోట పక్క లైను కూడా ఆపడం తప్పనిసరి. ఆ కాపలా మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు.

తనిఖీ కూడా యంత్రాలే చేస్తున్నాయా?

చాలావరకు. 1928లోనే అమెరికాలో ఎల్మర్ స్పెర్రీ తయారు చేసిన కారు, పట్టా లోపల కంటికి కనిపించని పగుళ్లను పట్టింది. ఇప్పుడు అల్ట్రాసోనిక్ పరికరాలు ఆ పని చేస్తున్నాయి, కొలత బండ్లు ప్రయాణ వేగంలోనే పట్టాల ఎత్తు, ఎడం, వంపు రాసుకుంటాయి. కానీ ఊడిపోయిన క్లిప్పు, పట్టా కింద ఊరుతున్న నీరు, కట్ట అంచున జంతువులు తవ్విన బొరియ వంటివి లైను వెంట నడిచే మనిషి కంటికే ముందుగా దొరుకుతుంటాయి.

పని మధ్యలో యంత్రం చెడిపోతే ఏం చేస్తారు?

ముందు దాన్ని లైను మీదనుంచి తప్పించాలి, ఎందుకంటే దాని వెనక రైళ్లు ఆగి ఉంటాయి. పెద్ద యంత్రాల్లో ఇంజిను ఆగినా వేళ్లను, కట్టర్లను పైకి లేపడానికి చేతి పంపులు ఉంటాయి. అవసరమైతే కట్టరు గొలుసు కోసేసి, ఇంజిను తగిలించి దగ్గరి స్టేషనుకు లాగేస్తారు. ఇచ్చిన సమయం ముగిసేలోపు లైను రైలు నడిచే స్థితికి రావాలి. అందుకే జాకీలు, గడ్డపారలు, పారలు పట్టుకున్న ఒక జట్టు యంత్రం వెంటే ఉంటుంది. యంత్రం సగంలో వదిలేసిన చోట ఎత్తు తేడా మెల్లగా కలిసేలా వాలు ఇచ్చి, కంకర సర్ది, తక్కువ వేగానికి హెచ్చరిక బోర్డు పెట్టి దారి వదిలేది వాళ్లే.